పచ్చళ్ళ గదిలో తూటాల పరిశ్రమ

సాగి రామభద్రరాజుగారు ఉద్యోగం చేసినంతకాలం కాగితాన్ని నమ్మారు. రిటైరయ్యాక కూడా ఆ నమ్మకం సడలలేదు. కాగితం మీద లేనిది జరగనట్టే అని ఆయన అభిప్రాయం. రెవెన్యూ ఆఫీసులో సూపరింటెండెంటుగా ఉన్న రోజుల్లో, ఎదురుగా నిలబడ్డ మనిషిని కూడా తాను బతికే ఉన్నట్టు రుజువు తెమ్మని మర్యాదగా అడిగేవారు. ఎండన పడి వచ్చిన ఆ మనిషికి ముందు మజ్జిగ ఇప్పించి, తరవాతే వెనక్కి పంపేవారు. అంచేత వేణులంక పట్టణంలో ఆయన్ని తిట్టుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, చెడ్డవాడని అన్నవాళ్ళు లేరు.

ఆయనకు ఒక్కతే కూతురు, మందాకిని. కాలేజీలో చదువుతోంది. యంత్రం గాల్లోకి విసిరిన మట్టి బిళ్ళలను తుపాకీతో పగలగొట్టడం ఆ అమ్మాయి ఆట. ఊరికి అవతల పాడుబడ్డ రాతి క్వారీలో డేనియల్ మాస్టారనే మాజీ సైనికుడు ఈ ఆట నేర్పుతాడు. అక్కడ చేరిన మొదటి ఏడే మందాకిని మగపిల్లలందరినీ దాటేసింది. లైసెన్సులన్నీ సక్రమంగా ఉన్నాయని, తండ్రి ఎవరో తెలిశాక, వేరే చెప్పనక్కర్లేదు.

రాష్ట్ర జట్టుకు ఎంపిక పోటీలు దగ్గర పడుతుండగా తూటాలు దొరకడం గగనమైపోయింది. వీళ్ళు వెళ్ళినప్పుడల్లా తుపాకుల కొట్టాయన "స్టాకు దార్లో ఉందండి" అనేవాడు. ఆ దారి ఎంతకీ తరిగేది కాదు. సాధన లేక మందాకిని చేతులు ముడుచుకుని కూర్చుంటుంటే డేనియల్ మాస్టారు ఒక ఉపాయం చెప్పాడు.

"పేలిపోయిన తూటాల గొట్టాలు పారెయ్యకండి రాజుగారూ. వాటినే మళ్ళీ నింపుకోవచ్చు. ఇంట్లో ఓ చిన్న బల్ల, దాని మీద ఓ చేతిమీట యంత్రం ఉంటే చాలు. నా పాత యంత్రం ఊరికే పడుంది, పట్టుకెళ్ళండి. తుపాకిమందు కొనుక్కోడానికి మాత్రం అనుమతి కావాలి. ఓ అర్జీ పెట్టుకుంటే సరి."

అర్జీ అన్న మాట వినగానే రాజుగారి మొహం వెలిగింది. రిటైరయ్యాక ఆయన మంచి అర్జీ రాసి చాలా కాలమైంది.

బల్ల ఎక్కడ వెయ్యాలన్నదే చిక్కు. ఉన్నవి రెండు గదులు, ఓ వంటిల్లు. వంటింటిని ఆనుకుని పచ్చళ్ళ గది. అందులో మనిషి పడుకోవాలంటే మోకాళ్ళు ముడుచుకోవాలి. ఆ గది ఆయన భార్య సుభద్రాయమ్మ సామ్రాజ్యం. ఆవకాయ, మాగాయ, చింతకాయ, ఉసిరికాయ జాడీలు గోడ పొడుగునా కొలువుతీరి ఉంటాయి.

"పిల్ల కోసమంటున్నారు కాబట్టి ఒప్పుకుంటున్నాను" అంది సుభద్రాయమ్మ. "నా జాడీలు మాత్రం అంగుళం కదలకూడదు. మీ మందూ మట్టీ తెచ్చి నా ఆవకాయలో కలిపేరంటే మర్యాదగా ఉండదు."

ఆ బల్ల తయారుచేసిన రోజులు ఆ ఇంట్లో పండగరోజుల్లా గడిచాయి. రాజుగారు అటక మీది పాత టేకు తలుపు చెక్కను దింపి, నున్నగా చిత్రిక పట్టి, ఓ అంచును బందులతో గోడకు బిగించారు. పని ఉన్నప్పుడు దించుకుంటే బల్ల. పని లేనప్పుడు ఎత్తి కొక్కెం తగిలిస్తే గోడ. ఎత్తిపెడితే జాడీలకు దారి వదులుతుంది. యంత్రం ఊగకుండా చెక్క కింద మరో దిమ్మె వేసి బోల్టులు బిగించారు. పైన చిన్న అర, దాని పక్కన దీపం, కింద దూర్చుకునే ముక్కాలి పీట. మందాకిని ఖాళీ గొట్టాలను తుడిచి రంగుల వారీగా డబ్బాల్లో సర్దింది. తండ్రి మీట కిందికి లాగితే కూతురు గొట్టం మార్చేది. లోపల మందూ లేదు, గుండూ లేదు. ఉత్త గొట్టాలతోనే ఇద్దరూ సాయంత్రం దాకా ఆడుకున్నారు. సుభద్రాయమ్మ గుమ్మంలో నిలబడి చూసి, "ముప్పైయేళ్ళలో ఈయన చేత్తో చేసిన మొదటి పని ఇదే" అనుకుంది.

రాజుగారు ఒక పేజీ అర్జీ రాశారు. అక్షరం కొట్టివేత లేదు. మార్జిను వదిలిన తీరు చూసి ఆఫీసులో గుమాస్తా కూడా ముచ్చటపడ్డాడు.

అయితే ఆ ఏడాది వేణులంకలో ఓ విశేషం నడుస్తోంది. అది పెరటి పరిశ్రమల సంవత్సరం. ప్రతి వీధిలోనూ ఓ పరిశ్రమ లేవాలని పైనుంచి ఆజ్ఞ వచ్చింది. అప్పడాలు వత్తే ముసలమ్మలు పరిశ్రమాధిపతులయ్యారు. పూలు గుచ్చే ఆవిడ గుమ్మానికి బోర్డు తగిలించారు. అప్పడాలూ పూలూ తప్ప మరేమీ కనిపించడం లేదని పైవాళ్ళు విసుక్కుంటున్న సమయంలో, తూటాలు నింపుకునే బల్లకు అనుమతి కోరుతూ ఓ అర్జీ వచ్చింది. ఆయుధాల విభాగంలో ఉండవలసిన ఆ కాగితం రెక్కలొచ్చినట్టు పరిశ్రమల విభాగానికి ఎగిరిపోయింది.

మర్నాడే పరిశ్రమల ప్రోత్సాహకాధికారి వేదుల చంద్రమౌళి జీపు దిగాడు. మెడలో దండ వేయించుకోవడానికి అనువుగా కాస్త ముందుకు వంగి నడిచే మనిషి. పచ్చళ్ళ గదిలోకి తొంగిచూసి, చేతులు జోడించాడు.

"ఉత్పత్తి కేంద్రాన్ని సందర్శించినందుకు ఎనలేని ఆనందం కలుగుతున్నది" అన్నాడు.

"ఉత్పత్తి కేంద్రం కాదండి, బల్లండి ఇది" అన్నారు రాజుగారు. "మా అమ్మాయి సాధన చేసుకోవడానికి..."

"మీ దృష్టిలో బల్ల. ప్రభుత్వ దృష్టిలో జిల్లాలోనే ప్రప్రథమ తూటాల పరిశ్రమ. సదరు పరిశ్రమ స్థాపన వల్ల ఈ ప్రాంత యువతకు కలుగబోవు ఉపాధి విషయమై తమరి అంచనా ఏమిటి?"

"యువతంటే మా అమ్మాయి ఒక్కర్తేనండి."

"మహిళా ఉపాధి!" చంద్రమౌళి మొహం విప్పారింది.

అంతలో సుభద్రాయమ్మ కాఫీ తెచ్చింది. కాఫీ ఇచ్చి, గదిలోకి వెళ్ళి, మాగాయ జాడీలోంచి చిన్న గిన్నెలోకి తీసుకుని బయటికి వచ్చింది. చంద్రమౌళి ఆవిడ రాకపోకలను కన్నార్పకుండా చూశాడు.

"ఈవిడ?"

"మా ఆవిడండి."

"రోజూ ఈ కేంద్రంలోనికి ప్రవేశిస్తూ ఉంటారా?"

"రోజూ ఏంటండీ, పూటపూటా వెళ్తాను" అంది సుభద్రాయమ్మ. "పచ్చడి లేకపోతే ఈయనకు ముద్ద దిగదు."

"ఉత్పత్తి కేంద్రంలోనికి నిత్యము ప్రవేశించి, వస్తువులను స్థానాంతరం చేయు వ్యక్తి" అని చంద్రమౌళి మెల్లగా తనలో తాను చెప్పుకున్నాడు. "చట్ట ప్రకారం కార్మికురాలు."

కాఫీ బాగుందని కూడా చెప్పి వెళ్ళాడు.

తరవాతి వారం పారిశ్రామిక భద్రతాధికారిణి నిర్మలకుమారి వచ్చింది. చంద్రమౌళిలా ఆవిడ ఆనందపడే మనిషి కాదు. ప్రపంచంలో ప్రతి వస్తువూ ఎప్పుడో ఒకప్పుడు మండుతుందన్నది ఆవిడ నమ్మకం. టేపు పట్టి బల్ల నుంచి పడగ్గదికి కొలిచింది. పడగ్గది నుంచి వంటింటికి కొలిచింది. నిట్టూర్చింది.

"మీ ఇల్లు మీ పరిశ్రమకు ప్రమాదకరమైనంత దగ్గర్లో ఉందండీ."

"ఇంట్లోనే ఉందమ్మా అది" అన్నారు రాజుగారు.

"నేనూ అదే చెబుతున్నాను. పరిశ్రమ చుట్టూ ఇంత మేర జనావాసం ఉండరాదు. జనావాసాన్ని తొలగించాలి."

"జనావాసమంటే మేమే కదమ్మా!"

"మీ మీద నాకు వ్యక్తిగతంగా ఏమీ లేదండీ. మీరుండటం వల్లే మీకు ప్రమాదం."

రాజుగారు ఉద్యోగంలో ఉండగా ఇలాంటి మాటలు తానే అన్నారు. అవతల కూర్చుని వినడం ఇదే మొదలు. అయినా నిబంధన నిబంధనే. ఆయన వినయంగా, వేరే మార్గం ఏదైనా ఉంటే సెలవియ్యమన్నారు. మార్గాంతరాలు ఉన్నాయి. ఇల్లు తొలగించలేని పక్షంలో ఇంట్లోంచి నిప్పును తొలగించాలి. ఆ ప్రకారం సుభద్రాయమ్మ గ్యాసు పొయ్యి డాబా మీదికి ఎక్కింది. వంటింటి గుమ్మానికి అడ్డంగా పసుపుపచ్చ గీత గీశారు. హాల్లో సోఫా తీసేసి, ఆ స్థలంలో ఎర్రరంగు వేసిన ఇసుక బాల్చీలు వరసగా పెట్టారు. ఇంటికి వచ్చిన చుట్టాలు బాల్చీల మధ్య నిలబడే కుశలప్రశ్నలు వేసి వెళ్ళిపోయేవారు.

చివరికి నిర్మలకుమారి చూపు జాడీల మీద పడింది.

"ఇందులో ఏముంది?"

"ఆవకాయండి" అంది సుభద్రాయమ్మ.

"ముడిపదార్థాలు?"

"ముడిపదార్థాలేంటమ్మా... మామిడికాయ, ఆవపిండి, కారం, నూనె."

"పొడి ఒకటి, దాని మీద నూనె. దాని పక్కన మందుగుండు." నిర్మలకుమారి రెండడుగులు వెనక్కి వేసింది. "అమ్మా, ఇన్నాళ్ళూ మీరెలా బతికి బట్టకట్టేరో నాకు అర్థం కావడం లేదు."

అంగుళం కదలకూడదన్న జాడీలు ఆ పూటే పక్కింటి వాళ్ళ అరుగెక్కాయి. సుభద్రాయమ్మ భర్తతో మాట్లాడ్డం మానేసింది. ఆయన ఇంకా ధైర్యంగానే ఉన్నారు. "ఒకసారి అనుమతి చేతికొస్తే అన్నీ సర్దుకుంటాయి" అని గోడకు చెప్పుకున్నారు.

పొయ్యి పక్కనే డాబా మీద మందాకిని సాధన చేసేది. తూటాలు లేవు. ఖాళీ తుపాకీ భుజానికి ఆనించి, లేని బిళ్ళను కళ్ళతో తరుముతూ, నోటితో "ఢాం" అనుకునేది. పోపు పెడుతూ తల్లి అడిగేది: "తగిలిందా?"

"ఈసారి తప్పిపోయిందమ్మా."

"లేని బిళ్ళ తప్పిపోవడం ఏంటే?"

"తెలుస్తుందమ్మా. చెయ్యి ఆగిపోయింది."

ఆ మాట విన్నప్పుడల్లా సుభద్రాయమ్మకు గుండెలో కలుక్కుమనేది. పిల్ల అబద్ధానికైనా తగిలిందనడం లేదు.

ఆ తరవాత కార్మికాధికారి గుత్తుల భాస్కరం వచ్చాడు. అతను మెత్తని మనిషి. పేదవాళ్ళ కోసం పాటుపడాలని చిన్నప్పుడే అనుకున్నాడట. పరిశ్రమలో ఏకైక కార్మికురాలి మెడలో ఫోటోతో సహా గుర్తింపు బిళ్ళ స్వయంగా వేశాడు. ఉదయం ఎనిమిదింటికి కూత పెట్టేందుకు గోడకు సైరను బిగించాడు. కార్మికులకు విశ్రాంతి గది చూపించమన్నాడు. రాజుగారు పడగ్గది చూపించారు. భోజనశాల చూపించమన్నాడు. డాబా చూపించారు.

"వంట ఎవరు చేస్తారు?"

"కార్మికురాలే చేస్తుందండి" అన్నారు రాజుగారు.

భాస్కరం ఆయన వంక జాలిగా, కోపంగా చూశాడు. "పని గంటల్లో కార్మికురాలి చేత మీ సొంత వంట చేయిస్తున్నారా? రాజుగారూ, మీరు పెద్దవారు. ఇంతకంటే నేను చెప్పలేను."

ఆ వాక్యం సుభద్రాయమ్మకు చాలా నచ్చింది. చాలాకాలానికి మొదటిసారి ఓ ప్రభుత్వోద్యోగికి రెండో కప్పు కాఫీ ఇచ్చింది.

ఇన్ని జరిగినా మందు మాత్రం రాలేదు. మందు అనుమతికి ముందు, ఈ పరిశ్రమలో తయారైన నమూనా తూటా ఒకటి సమర్పించాలి. నమూనా తూటా చెయ్యాలంటే మందు కావాలి. రాజుగారు ఈ సంగతి చంద్రమౌళికి విన్నవించారు.

"తమరి ఇబ్బంది సహేతుకమైనదే" అన్నాడు చంద్రమౌళి. "అయితే నాణ్యత తెలియకుండా మందు ఎట్లు ఇవ్వగలము? ముందు నాణ్యత. తరువాతే తయారీ."

"మరి ప్రారంభోత్సవం పెట్టేరు కదండీ?"

"ప్రారంభోత్సవానికి మందుతో నిమిత్తం లేదు. దండలతోనే నిమిత్తం."

ప్రారంభోత్సవానికి రాజధాని నుంచి ఓ పెద్దమనిషి వచ్చాడు. వీధికి అడ్డంగా షామియానా వేశారు. పచ్చళ్ళ గది గుమ్మానికి రిబ్బను కట్టారు. గదిలో ఒకరికంటే ఎక్కువ పట్టరు కాబట్టి పెద్దమనిషి ఒక్కడే లోపలికి వెళ్ళి, బల్ల దించి, ఎత్తి, మళ్ళీ దించి, "అద్భుతం" అని బయటికి వచ్చాడు. తరవాత, వేణులంకలో తయారైన తొలి తూటాను తానే పేల్చి చూస్తానని కుతూహలపడ్డాడు. ఈ ముక్క కార్యక్రమంలో లేదు. చంద్రమౌళి మొహం పాలిపోయింది. వెంటనే తేరుకుని, మందాకిని చేతిలోంచి ఖాళీ తుపాకీ అందుకుని పెద్దమనిషికి ఇచ్చి, షామియానా వెనక నిలబడ్డ కానిస్టేబులుకు కనుసైగ చేశాడు. పెద్దమనిషి ఆకాశంలోకి గురిపెట్టి మీట నొక్కాడు. కాస్త ఆలస్యంగా, షామియానా వెనకనుంచి, దీపావళికి మిగిలిపోయిన టపాకాయ ఒకటి దద్దరిల్లింది. జనం చప్పట్లు కొట్టారు. కాకులు లేచాయి. పెద్దమనిషి భుజం తడుముకుని, "మంచి దెబ్బ ఉంది సుమా దీనికి" అన్నాడు.

ఆ శబ్దమే నమూనాగా ఆమోదం పొందింది. వారం తిరక్కుండా అనుమతి పత్రం వచ్చింది. బంగారు అంచు, మూడు ముద్రలు. రాజుగారు కళ్ళద్దాలు తుడుచుకుని, నిలబడే చదివారు. చదువుతూ చదువుతూ బాల్చీ అంచు మీద కూలబడ్డారు.

"ఏమైంది నాన్నగారూ?" అంది మందాకిని.

ఆయన ఆఖరి షరతు చూపించారు. సదరు పరిశ్రమలో తయారగు తూటాలను పరిశ్రమాధిపతి తన రక్తసంబంధీకులకు ఏ రూపముననూ ఇవ్వరాదు. అట్లు ఇచ్చుట బంధుప్రీతిగా పరిగణింపబడును.

చంద్రమౌళి దగ్గరికి పరుగెత్తారు. అతనికి ఇది పెద్ద విషయంగా తోచలేదు.

"పరిష్కారం అతి సులభం రాజుగారూ. సదరు మందాకిని అను ఆమెకు, తమరికి ఎట్టి బంధుత్వమూ లేదని ఓ ప్రమాణపత్రం దాఖలు చేయండి. ఆమె మీ ఖాతాదారు అగును. ఎన్ని తూటాలైనా పుచ్చుకోవచ్చు."

"అమ్మాయండి నాకు."

"ఎవరు కాదన్నారు? ఇంటి వద్ద అమ్మాయే. కాగితం మీద మాత్రమే కాదు."

రాజుగారు స్టాంపు కాగితం కొనుక్కుని ఇంటికొచ్చారు. ఎంపిక పోటీలు వచ్చేస్తున్నాయి. బల్ల దించి, దీపం వేసి, పెన్ను మూత తీశారు. మందాకిని గుమ్మంలో నిలబడింది. తండ్రి అవస్థ చూడలేక నవ్వింది.

"రాసెయ్యండి నాన్నగారూ. ఉత్త కాగితమే కదా. నాకేం కాదు."

బల్ల మీది కాగితం ఎంతకీ తెల్లగానే ఉంది.

"ఉత్త కాగితమని నేను ఎవరితోనూ ఏనాడూ అనలేదమ్మా" అన్నారు చివరికి. "ఇంతమందిని కాగితం కోసం తిప్పేను. కాగితం మీదుంటేనే నిజమన్నాను. ఇప్పుడు నా కూతురు విషయంలో మాత్రం ఉత్తదే అని ఎలా అననే?"

పెన్ను మూత పెట్టేశారు. స్టాంపు కాగితం నిలువునా చించారు. ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితాన్ని ఆయన చించడం అదే మొదటిసారి. సుభద్రాయమ్మ డాబా మెట్ల మీదనుంచి ఇదంతా చూసింది. కిందికి దిగి వచ్చి, నెలల తరవాత ఆయనతో మాట్లాడింది.

"అన్నం తింటారా?" అంది.

డేనియల్ మాస్టారు తన దగ్గర దాచుకున్న కొద్దిపాటి తూటాల్ని మందాకిని చేతిలో పెట్టి, ఆ పిల్లని వెంటబెట్టుకుని పోటీలకు రైలెక్కాడు.

ఇంట్లో మిగిలిన ఇద్దరూ పరిశ్రమ మూసెయ్యాలనుకున్నారు. రాజుగారు మళ్ళీ అర్జీ రాశారు. ఈసారి మార్జిను వదల్లేదు. చంద్రమౌళి ఆ అర్జీ చూసి నొచ్చుకున్నాడు.

"ఉత్తమ పెరటి పరిశ్రమగా మీది పురస్కారానికి వెళ్ళింది. మూయుటకు వీల్లేదు. నష్టాలు వచ్చినట్లు చూపిన ఎడల మూయవచ్చును. నష్టం రావాలంటే ముందు ఉత్పత్తి జరగాలి."

రాజుగారు ఇంటికొచ్చి బాల్చీల మధ్య కూర్చున్నారు. సుభద్రాయమ్మ కాసేపు ఆలోచించింది. మెడలోని గుర్తింపు బిళ్ళను ఇటూ అటూ తిప్పి చూసుకుంది.

"నేను కార్మికురాల్నే కదండీ?" అంది.

"ఆఁ, అయితే?"

ఆవిడ లోపలికి వెళ్ళి ఎర్ర రవికల గుడ్డ తెచ్చి, పచ్చళ్ళ గది గుమ్మానికి కట్టింది. గుమ్మం ముందు చాప పరుచుకుని కూర్చుంది. ఎనిమిదింటికి సైరను మోగింది. ఆవిడ కదల్లేదు.

మధ్యాహ్నానికి ఊరంతా పొక్కిపోయింది. జిల్లాలోని ప్రప్రథమ తూటాల పరిశ్రమలో కార్మికులు నూటికి నూరు శాతం సమ్మెలోకి దిగారు. చంద్రమౌళి జీపు వీధి మొగలోనే ఆగిపోయింది. సమ్మె జరుగుతున్న చోట ప్రోత్సాహకాధికారి కనిపించకూడదట. గుత్తుల భాస్కరం మాత్రం ఆనందంతో పరుగెత్తుకొచ్చాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అతనికి దక్కిన మొదటి సమ్మె ఇది. హాల్లో బాల్చీలకు ఇవతల సుభద్రాయమ్మను, అవతల రాజుగారిని కూర్చోబెట్టి, మధ్యలో తాను కూర్చున్నాడు.

"త్రైపాక్షిక చర్చలు ప్రారంభమవుతున్నాయి. ఉభయపక్షాలూ ఒకరినొకరు గౌరవంగా, మీరు అని సంబోధించుకోవాలి. కార్మికుల కోర్కె?"

"ఈ పరిశ్రమ మూసెయ్యాలి" అంది సుభద్రాయమ్మ.

"యాజమాన్యం?"

"సంతోషంగా ఒప్పుకుంటున్నానండి" అన్నారు రాజుగారు.

భాస్కరం కంగారుపడ్డాడు. "అలా ఒప్పుకోకూడదండీ! యాజమాన్యం మొదటి కోర్కెకే ఒప్పుకోవడం చట్టంలో లేదు. మూడు విడతల చర్చలు విఫలమవ్వాలి. అప్పుడు గాని మూసివేతకు సిఫార్సు చెయ్యలేను. దయచేసి కాస్త విభేదించండి."

మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"దేని గురించండి?" అన్నారు రాజుగారు.

"మీ ఇష్టం. సంసారం అన్నాక ఏదో ఒకటి ఉండకపోతుందా?"

మొదటి విడత కష్టం లేకుండానే విఫలమైంది. వానలో గొడుగు పట్టుకుని డాబా మీద పులుసు కాచిన సంగతి, పక్కింటి అరుగు మీద చింతకాయ జాడీకి బూజు పట్టిన సంగతి సుభద్రాయమ్మ ఎత్తుకుంది.

రెండో విడతలో ఆవిడ గొంతు మారింది.

"పెళ్ళైన కొత్తలో నాకు టైఫాయిడ్ వస్తే ఈయన ఏమన్నారో అడగండి. ఆఫీసులో సెలవు పెట్టాలి, డాక్టరు సర్టిఫికెట్ చూపించమన్నారు. మంచం మీదున్న మనిషిని! ఒళ్ళు కాలిపోతోంది, చెయ్యేసి చూస్తే చాలదా అండీ? చెయ్యెయ్యడానికి కాగితం కావాలా మీకు?"

భాస్కరం కలం ఆగిపోయింది. రాజుగారు ఇసుక బాల్చీ వంక చూస్తూ మాట్లాడారు.

"మా నాన్నగారు మాట మనిషి. చేపల చెరువు అన్నదమ్ములకి నోటిమాట మీద వదిలేరు. ఆయన పోయాక ఆ చెరువు గట్టు మీద మమ్మల్ని నిలబడనివ్వలేదు. మా అమ్మ 'ఇది మాదేనండీ' అని కనిపించిన వాళ్ళందరికీ చెప్పేది. ఎవరూ వినలేదు. కాగితం లేదుగా. అప్పట్నుంచీ..." అక్కడ ఆగిపోయారు. "టైఫాయిడ్ అప్పుడు నేను భయపడ్డాను. భయపడితే నాకు కాగితం తప్ప ఇంకోటి తోచదు."

సుభద్రాయమ్మ ఈ సంగతి ఎన్నడూ వినలేదు. చెరువు అమ్మేశారనే అనుకుంది ఇన్నాళ్ళూ.

"మీరు నాకు చెప్పలేదు" అంది మెల్లగా.

"నువ్వు... మీరు అడగలేదు."

"రెండో విడత విఫలం అనమంటారా?" అని అడిగాడు భాస్కరం, ముక్కు తుడుచుకుంటూ. జవాబు కోసం ఆగకుండా విఫలమనే రాసుకున్నాడు.

మూడో విడత మొదలైంది గానీ ముందుకు సాగలేదు. ఎంత ప్రయత్నించినా ఇద్దరికీ కోపం రావడం లేదు. భాస్కరం సాయం చేద్దామని జీతాల సంగతి ఎత్తాడు, బోనసు సంగతి ఎత్తాడు. రాజుగారు అడగ్గానే ఇస్తానన్నారు. సుభద్రాయమ్మ అక్కర్లేదంది. అతను తల పట్టుకున్నాడు.

ఆ సమయంలో ఫోను మోగింది. రాజుగారు తీసి, చెవికి ఆనించుకోకుండానే "చెప్పమ్మా" అన్నారు. మందాకిని గొంతు హాలంతా వినిపించింది.

"నాన్నగారూ! జట్టులోకి తీసుకున్నారు! మూడో స్థానంలో వచ్చేను. చెయ్యి ఆగలేదు, చెప్పండి అమ్మకి, చెయ్యి ఒక్కసారి కూడా ఆగలేదు. ఇక్కడ శిబిరంలో తూటాలు వాళ్ళే ఇస్తారట, ఎన్ని కావాలంటే అన్ని!"

సుభద్రాయమ్మ లేచి, ఇసుక బాల్చీ తన్నుకుని, వచ్చి భర్త చెయ్యి పట్టుకుంది. రాజుగారు ఆవిడ వేళ్ళు రెండు చేతుల్లోకీ తీసుకున్నారు. ఇద్దరూ ఏడుస్తున్నారో నవ్వుతున్నారో భాస్కరానికి తెలియలేదు.

"అయ్యా, అమ్మా" అన్నాడు అతను బతిమాలుతూ. "చర్చలు జరుగుతున్నాయి. యాజమాన్యం, కార్మికులు ఇలా చేతులు పట్టుకోకూడదు. నేను ఏమని రాసుకోవాలి?"

వాళ్ళు వినిపించుకునే స్థితిలో లేరు. భాస్కరం కాసేపు చూశాడు. కలం తీశాడు. తన ఉద్యోగ జీవితంలో అంతవరకూ రాయని ఓ వాక్యాన్ని, గుండ్రని అక్షరాలతో, తప్పు లేకుండా రాశాడు:

మూడవ విడత చర్చలు కూడా విఫలమైనవి. కారణం: ఉభయపక్షములవారు ఏకాభిప్రాయమునకు వచ్చియున్నారు.